పట్టాభిషేకం బట్టలు కుట్టడం ఎలా?

నెల్లూరులో పద్యనాటకాలకు, బడి వార్షికోత్సవాలకు వేషాలు కుట్టడం నా పని. పట్టాభిషేక ఘట్టం అనగానే అందరూ అడిగేది ఎర్ర మఖమల్ అంగీ, దాని నిండా చమ్కీ. కొలువులో కూర్చునే రాజుకు అది చాలు. పట్టం కట్టుకునే రాజు మాత్రం ఉన్న బట్టలు విడిచి, కొత్తవి ఒకదానిమీద ఒకటి తొడుక్కుంటాడు. చూసేవాళ్లకు కనబడాల్సింది ఆ మార్పే. కాబట్టి మూడు బట్టలు కుట్టండి. మూడూ వేదికమీదే తొడగడానికి వీలుగా ఉండాలి.

ఇది ఇంగ్లండు వాళ్ల ఆచారమే అనుకోకండి. యజ్ఞాల తీరు చెప్పే వేదగ్రంథం శతపథ బ్రాహ్మణం రాజసూయంలో కట్టే బట్టలను పుట్టుకతో ముడిపెట్టింది. తార్ప్యం అనే లోపలి బట్ట ఉల్బం, అంటే కడుపులో బిడ్డను చుట్టి ఉండే లోపలి పొర; రంగు వేయని ఉన్నిబట్ట జరాయువు, అంటే బయటి పొర; పైన కప్పేది గర్భం, తలపాగా నాభి. అంటే రాజు ఆ బట్టల్లోంచి మళ్లీ పుడుతున్నాడన్నమాట.

మొదటిది తెల్లది. 2023 మే 6న ఇంగ్లండు రాజు మూడో చార్లెస్ తన పట్టాభిషేకంలో ఎర్ర మఖమల్ వస్త్రం తీసేసి తైలాభిషేకం చేయించుకున్నాడు. ఆ తరువాత తొడిగింది మెడ దగ్గర ఒక్క గుండీ ఉన్న తెల్లని లినెన్ (అవిసెనార) అంగీ. దేవుడి ముందు రాజూ మామూలు మనిషేనని దాని భావం. మీరు మల్లుగుడ్డతో కుట్టండి. అంచు వద్దు, అల్లిక వద్దు. గుండీ పెద్దది పెట్టండి, కంగారులో పిల్లల వేళ్లు ఆడవు. గంజి పెట్టొద్దు, మైకు దగ్గర గరగరలాడుతుంది.

దానిమీద బంగారు అంగీ. చార్లెస్ వేసుకున్నది 1911లో అయిదో జార్జి కోసం చేసినది. మనకు టిష్యూ గుడ్డ చాలు, లోపల నూలు లైనింగ్ తప్పనిసరి.

అసలు పనంతా మూడోదైన పైవస్త్రంలో ఉంది. సిసిలీ రాజు రెండో రోజర్ కోసం 1133-34లో పలెర్మోలో తయారైన ఎర్రపట్టు వస్త్రం ఇప్పుడు వియన్నాలో ఉంది. అర్ధచంద్రాకారం, రెండు పక్కలా ఒంటెమీద పడ్డ సింహం, అంచు పొడవునా అరబ్బీ అక్షరాలు. తరువాతి కాలంలో ఐరోపాలోని పవిత్ర రోమన్ సామ్రాజ్యపు క్రైస్తవ చక్రవర్తులు దాన్నే కప్పుకొని పట్టం కట్టుకున్నారు. ఆ అరబ్బీ రాత వాళ్లకేమీ అడ్డు రాలేదు!

ఆ కోతే మీకూ మంచిది. పదేళ్ల పిల్లవాడికి 44 అంగుళాల పన్నా మఖమల్ రెండున్నర మీటర్లు తీసుకోండి. పొడవును సగానికి మడిచి, మడత మూలకు దారం బిగించి, రెండో కొసన సుద్దముక్క కట్టి గీత గీయండి. పెద్దవాళ్లకు అతుకు తప్పదు. అప్పుడు ముక్కలన్నిటినీ చేత్తో నిమిరి చూడండి. నున్నగా తగిలే వైపు అన్నిటికీ ఒకే దిక్కున ఉండాలి, లేకపోతే దీపాల వెలుగులో రెండు రంగులుగా కనిపిస్తుంది. ఇస్త్రీ తిరగేసి, కింద తువ్వాలు పరిచి చేయాలి.

బరువంతా గొంతుమీద పడితే పద్యం రాదు. భుజాల లోపల రెండు పట్టీలు కుట్టి, ఛాతీమీద అడ్డంగా దాటించి, చంకల కిందుగా వెనక్కి తెచ్చి ముడి వేయండి.

అంచుమీద ఏదో ఒక గుర్తు ఉండాలి. నెపోలియన్ 1804లో తేనెటీగలు కుట్టించుకున్నాడు. 1953లో ఎలిజబెత్ రాణి ఊదారంగు వస్త్రంమీద సమృద్ధికి గోధుమ కంకులు, శాంతికి ఆలివ్ కొమ్మలు వేశారు. 12 మంది పనివాళ్లకు 3,500 గంటలు పట్టింది. నేనైతే వరికంకులు వేస్తాను, మొలగొలుకులు పండిన గడ్డ ఇది. మగ్గం వర్క్ అక్కర్లేదు. జరీతాడు పరిచి పైనుంచి సన్నదారంతో పట్టించండి, చివరి వరుసకూ కనబడుతుంది.

ఇంగ్లండు రాజుల వస్త్రాలకు ఉండే నల్లచుక్కల తెల్లబొచ్చును రాముడి భుజాలకూ పెట్టమని అడిగేవాళ్లున్నారు. నేను పెట్టను. అది స్టోట్ అనే చలిదేశపు చిన్న జంతువు శీతకాలపు తోలు, ఆ చుక్కలు దాని తోక కొసలు. రాముడు నందిగ్రామంలో జటలు తీసి, స్నానం చేసి, మేలిబట్టలు కట్టి అయోధ్యకు బయలుదేరాడు. ఆయనకు మొదట నారచీర, తరువాత పసుపు పట్టు. ఇంగ్లండు రాజుకైతే బొచ్చుగుడ్డ కొని, చుక్కలు రంగుతో వేయకుండా నల్ల ఉన్నిపోగులు వేలాడేలా కుట్టండి.

నాటకం అయ్యాక మఖమల్‌ను మడతపెట్టకండి. చెమట ఆరనిచ్చి, పాత నూలుచీరలో వదులుగా చుట్టి పెట్టండి.