టమ్మీ టక్‌కి వెళ్లే ముందే ఇంట్లో సర్దుకోవాల్సినవి

టమ్మీ టక్ అంటే పొట్ట మీద వేలాడే చర్మం, కొవ్వు తీసేసి బిగించే ఆపరేషన్. ముందు మంచం సంగతి చూడండి. ఆపరేషన్ అయ్యాక మొదటి వారం పది రోజులు కాళ్లూ ఒళ్లూ తిన్నగా చాపుకుని పడుకుంటే కుట్లు లాగేస్తాయి, అందుకే వీపు వెనక రెండు మూడు దిండ్లు, మోకాళ్ల కింద ఒకటి పెట్టి ఇప్పుడే ఒకసారి పడుకుని చూసుకోండి.

– బిందె, గ్యాస్ సిలిండర్, చంటిపిల్ల ఏదీ ఎత్తకూడదు, సుమారు 6 వారాలు. ఎత్తుకోమని ఏడ్చే పిల్ల ఇంట్లో ఉంటే మొహమాటం మానేసి అమ్మనో అత్తయ్యనో ముందే పిలిపించుకోండి.

– సిగరెట్ కనీసం 4 వారాల ముందే బంద్. తాగుతుంటే గాయం సరిగా మానదు, అంతే.

– రక్తం పలచబరిచే మందులు, ఆయుర్వేదం గోళీలు వాడుతుంటే సర్జన్‌కి చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

– డ్రెయిన్ గొట్టంతో (లోపల చేరే నీరు, రక్తం బయటికి తీసే గొట్టం) ఇంటికి పంపుతారేమో అడగండి. పంపితే, ఖాళీ చేసిన ప్రతిసారీ ఎన్ని ఎం.ఎల్. వచ్చిందో, రంగు ఎలా ఉందో రాయడానికి ఒక నోట్‌బుక్. తగ్గుతూ వచ్చింది కాస్తా ఒక్కసారిగా ఎర్రగా, ఎక్కువగా వస్తే వెంటనే ఫోన్ చేయాలి.

– ముందు జిప్పున్న నైటీలు, ఆపరేషన్ తర్వాత పొట్టకి బిగించి కట్టుకునే బెల్టు ఉతికి మార్చుకోవడానికి రెండోది.

– మర్నాటి నుంచే, నడుము వంచుకునైనా సరే, ఇంట్లో నాలుగడుగులు వేస్తుండాలి. ఒక పిక్క వాచి నొప్పెడితే ఆ పూటే డాక్టర్‌కి చూపించండి, ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే తెల్లారాక చూద్దాం అనుకోకుండా 108కి కొట్టండి.