లైవ్ వెదర్ మ్యాప్ తెరవగానే ముందు టైమ్ చూడండి

గాలులు పాయలు పాయలుగా కదిలే రంగుల మ్యాప్ చూస్తే అదంతా ఈ క్షణంలో జరుగుతున్నట్టే అనిపిస్తుంది. చాలాసార్లు అది కొలిచిన డేటా కాదు, కంప్యూటర్ మోడల్ వేసిన అంచనా. ఉదాహరణకు జీఎఫ్ఎస్ అనే అమెరికా వాతావరణ మోడల్ రోజుకు 4 సార్లే నడుస్తుంది. అందుకే రంగులకంటే ముందు మూలన చిన్న అక్షరాల్లో ఉండే టైమ్ చూడండి. అది సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో ఉంటుంది.

నిజంగా కొలిచింది కావాలంటే దగ్గరి విమానాశ్రయం మెటార్ రిపోర్టును (అక్కడ కొలిచిన వాతావరణ వివరాలను కోడ్‌లో ఇచ్చేది) పక్కనే తెరిచి పెట్టుకోండి. అందులో 120630జడ్ అని ఉంటే 12వ తేదీ, యూటీసీ 06:30 అని. 24015జి28కేటీ అంటే గాలి 240 డిగ్రీల వైపు నుంచి 15 నాట్ల (గంటకు నాటికల్ మైళ్ల) వేగంతో వీస్తోంది, మధ్యమధ్యలో 28 నాట్ల దాకా విసురుతోంది. మ్యాప్‌లో నున్నగా కనిపించే గాలిలో ఈ విసురు తెలియకపోవచ్చు, ల్యాండింగ్‌లో ఇబ్బంది పెట్టేది అదే.

రాడార్ విషయంలో ఇంకా జాగ్రత్త. కాక్‌పిట్‌లో చూసే రాడార్ మొజాయిక్ చిత్రం (చాలా రాడార్ల చిత్రాలను కలిపి చేసింది), తెర మీద చూపే వయసుకంటే 15-20 నిమిషాలు పాతదై ఉండొచ్చని అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది. ఉరుము మేఘం ఆ లోపు ఎక్కడికో జరిగిపోతుంది. కాబట్టి ఆ చిత్రంతో తుఫాను మేఘాలకు దూరంగా చుట్టూ తిరిగి వెళ్లండి, వాటి మధ్య సందు వెతకొద్దు.

రీసెర్చ్ చేసేవాళ్లయితే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి. ముడి డేటా, స్టేషన్ కోడ్, యూటీసీ టైమ్, మోడల్ రన్ టైమ్ అన్నీ కలిపి దాచుకోండి.