ముందు మురుగు, తర్వాతే సున్నం

విక్టోరియా రాణి కాలంలో లండన్ పేదల వాడల్లో ఇంటి యజమానికి ఇల్లు బాగుచేయమని నోటీసు అందితే, చాలాసార్లు అతను ముందు చేయించేది గోడలకు సున్నం. చవక, పైగా కంటికి ఆనుతుంది. అసలు రోగం నేల కింద ఉంటుంది. 1880ల పద్ధతిలో అలాంటి ఇంటిని బాగుచేసే వరస ఇది.

మొదట పిప్పరమెంటు పరీక్ష. మరుగుదొడ్డి గొట్టం పై కొసలో రెండు ఔన్సుల పిప్పరమెంటు నూనె, వెంటనే ఒక బకెట్టు వేడినీళ్లు పోసి, గొట్టం నోరు గుడ్డతో బిగించాలి. ఇంకొకరు కిటికీలు మూసి గదిగదీ వాసన చూడాలి. ఘాటు తగిలిన చోటే లీకు. నూనె పోసినవాడు మాత్రం లోపలికి రాకూడదు. వాడి బట్టల వాసనకే ఇల్లంతా లీకులున్నట్టు అనిపిస్తుంది.

కింద పాత ఇటుక కాలువ బయటపడితే మరమ్మతు దండగ. అడుగు చదును కాబట్టి నీళ్లు పలచగా పరుచుకుంటాయి, మడ్డి పేరుకుంటుంది, సందుల్లోంచి నేల నానుతుంది, ఎలుకలు దూరతాయి. నానిన నల్లమట్టితో సహా తవ్విపోసి స్టోన్‌వేర్ (నీరు ఇంకకుండా గట్టిగా కాల్చిన మట్టి) పైపులు వేయాలి. లండన్‌లోని లాంబెత్‌లో హెన్రీ డౌల్టన్ 1846లోనే వీటి తయారీ మొదలుపెట్టాడు. ఒక్క ఇంటికి 4 అంగుళాల పైపు చాలు. వాటం 40 అడుగులకు ఒక అడుగు. 6 అంగుళాలదైతే 60కి ఒకటి. పెద్ద పైపు మేలనుకుంటారు గానీ, కొద్దిపాటి నీళ్లు అందులో మడ్డిని తోయలేవు.

దిగువ కొస నుంచి మొదలుపెట్టి, సాకెట్లు (పక్క పైపు దూరే వెడల్పు మూతులు) ఎగువకు చూసేలా పేర్చాలి. ప్రతి సాకెట్ కింద మట్టిని కాస్త గుంట చేయకపోతే పైపు బరువంతా దానిమీదే పడి పగులుతుంది. అతుకులో ముందు తారు పట్టించిన నార, ఆపైన సిమెంటు. లోపలికి పొంగిన సిమెంటును అప్పటికప్పుడే తుడిచేయాలి. గట్టిపడితే గుడ్డపేలికలు దానికే చిక్కుకుంటాయి. అతుకులు ఆరాక దిగువన బిరడా వేసి నీళ్లు నింపి, గంటసేపు మట్టం చూడాలి. దిగితే లీకున్నట్టే. అది తేలేదాకా మట్టి కప్పొద్దు.

వంటింటి తొట్టి గొట్టాన్ని నేరుగా మురుగులో కలపకూడదు. గోడ బయట, ఆరుబయటి గల్లీ ట్రాప్ (మురుగు వాసన పైకి రాకుండా వంపులో నీళ్లు నిలిచే నేలగుంట) పైన పడనివ్వాలి. తొట్టిలోని పాత గంట ట్రాప్ (గంటలాంటి మూత ఉన్నది) పీకేయాల్సిందే; ఇరుక్కున్న చెత్త తీయడానికి మూత ఎత్తితే వాసనను ఆపే నీటి అడ్డూ పోతుంది. మరుగుదొడ్డి గొట్టం గోడ బయటే, అదే వెడల్పుతో చూరు దాటి పైకి పోవాలి. గాలి ఆడకపోతే ఒక్కోసారి ఫ్లష్ నీళ్లు ట్రాపులోని నీటిని లాక్కుపోతాయి. ఫ్లష్‌కు విడిగా రెండు గాలన్ల తొట్టి, అంటే దాదాపు 9 లీటర్లు. తాగునీటి గొట్టాన్ని మరుగుదొడ్డికి నేరుగా కలిపితే ప్రమాదం: సరఫరా ఆగి గొట్టం ఖాళీ అయినప్పుడు మురికిని అదే పీల్చుకుంటుంది.

పెరడును గల్లీ ట్రాప్ వైపు వాటంగా రాతిపలకలతో పరిచాకే గోడల జోలికి వెళ్లాలి. ఒకదానిపై ఒకటి అంటించిన కాగితాలన్నీ గీకేయాలి, నల్లులు ఉండేది వాటి వెనకే. అప్పుడు తాజాగా తడిపిన సున్నం వేడిమీదే కొట్టాలి. అద్దె పడకల సత్రాలకైతే ఏటా ఏప్రిల్, అక్టోబరు మొదటివారాల్లో ఇది అప్పటి చట్టం పెట్టిన పని.