స్ట్రిప్ మీదా రోడ్డు మీదా నడిచే టర్బో కారుకు బ్రేకులు ఎంచుకోవడం

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో బిగించి ఇంజిన్ బలాన్ని పెంచుకున్నవారు బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి, ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే కాలిపర్‌లో ఎన్ని పిస్టన్లు ఉన్నాయి, డిస్కు ఎంత పెద్దది అన్న రెండు ప్రశ్నలతోనే ఆగిపోతారు. ఆ ప్రశ్నలు సర్క్యూట్ రేసింగ్ నుంచి వచ్చినవి. అక్కడ బ్రేకులు ప్రతి మలుపు దగ్గరా వేడెక్కుతూ, చల్లారకముందే మళ్లీ పనిలోకి దిగుతాయి. నేరుగా ఉన్న దారిలో తక్కువ దూరం పందెం జరిగే డ్రాగ్ స్ట్రిప్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. వరుసలో చాలాసేపు నిలబడి చల్లబడిన బ్రేకులు 402 మీటర్ల పరుగు చివర, కారు అత్యధిక వేగంలో ఉన్నప్పుడు, ఒక్కసారి మాత్రమే పనిచేయాలి. అదే కారు మరునాడు రోడ్డు మీద చిన్నచిన్న ఆపుదలలు వందసార్లు చేయాలి. ఈ రెండు పనులకూ సరిపడే బ్రేకు వెతకడమే ఇక్కడి అసలు సమస్య.

ముందుగా కాగితం మీద లెక్క వేసుకోవాలి. గతిశక్తి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, 1,500 కిలోల కారులో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర సుమారు 5.8 లక్షల జౌళ్లు ఉంటే, 200 దగ్గర 23 లక్షలు, 240 దగ్గర 33 లక్షలు ఉంటాయి. ఇందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడుతుందనుకుంటే, ఒక్కొక్కటి 9 కిలోలున్న రెండు పోత ఇనుప డిస్కులు 240 నుంచి ఆగే ఒక్క ఆపుదలలోనే దాదాపు 280 డిగ్రీలు వేడెక్కుతాయి. బరువు తగ్గించడం కోసం 5 కిలోల డిస్కులు వేస్తే ఆ పెరుగుదల 500 డిగ్రీలకు చేరుతుంది. గాలి నిరోధం కొంత శక్తిని తీసుకుంటుంది గనుక ఇది పై అంచనాయే. అయినా విషయం స్పష్టం: ఒక్క ఆపుదలలో వేడిని దాచుకునేది డిస్కులోని లోహం బరువే. గాలి ప్రసరణ ఆ తర్వాత చల్లార్చడానికి పనికొస్తుంది.

అందువల్ల డ్రాగ్ కార్ల కోసమే తయారైన, రంధ్రాలు వేసిన పలుచని డిస్కుల సెట్లను రోడ్డు కారుకు వాడకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. పరుగులో అవి కొన్ని కిలోల తిరిగే బరువును తగ్గిస్తాయి, నిజమే. కానీ లోపల గాలి ఆడే ఖాళీలు లేని పలుచని డిస్కు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడిని వదిలించుకోలేదు. తయారీదారులు కూడా ఇలాంటి చాలా సెట్లను స్ట్రిప్‌కే పరిమితమని చెబుతారు. వెడల్పైన, లోపల గాలి ఆడే డిస్కును ముందు చక్రాలకు ఉంచి, బరువు తగ్గించుకోవాలన్న కోరికను అల్యూమినియం కాలిపర్ల ద్వారా, రెండు ముక్కల డిస్కులోని అల్యూమినియం మధ్యభాగం ద్వారా తీర్చుకోవడం తెలివైన దారి. రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి కాబట్టి, నున్నని డిస్కునో గాడులు తీసిన డిస్కునో ఎంచుకోవాలి.

టర్బో కారుకే ప్రత్యేకమైన చిక్కు, పాదం బలాన్ని పెంచి బ్రేకుకు అందించే బూస్టర్‌లో ఉంది, దానికి ఎక్కువ సమయం కేటాయించాలి. వాక్యూమ్ బూస్టర్, ఇంజిన్‌కు గాలిని అందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఏర్పడే శూన్యం మీద ఆధారపడి పనిచేస్తుంది. ప్రారంభ రేఖ దగ్గర బ్రేకు తొక్కిపట్టి బూస్ట్‌ను, అంటే టర్బో నెట్టే గాలి పీడనాన్ని, పెంచుతున్నప్పుడు మానిఫోల్డ్‌లో శూన్యం ఉండదు, పైగా వాతావరణం కన్నా ఎక్కువ పీడనం ఉంటుంది. అప్పుడు గాలిని ఒకే వైపుకు పోనిచ్చే చెక్ వాల్వ్ మూసుకుని, బూస్టర్‌లో నిల్వ ఉన్న శూన్యం మాత్రమే మిగులుతుంది. అది ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపోతుంది. పరుగు చివర యాక్సిలరేటర్ వదిలినప్పుడు శూన్యం త్వరగానే తిరిగి వస్తుంది. కానీ అదే క్షణంలో ఇంజిన్ దెబ్బతిని ఆగిపోతే, మీ చేతిలో ఉండేది ఆ నిల్వ ఒక్కటే. చెక్ వాల్వ్ కారుతున్నా, బూస్ట్ పీడనానికి తట్టుకోలేనిదైనా, ఆ నిల్వ కూడా ఉండదు. ఖరీదైన కాలిపర్లు కొనేముందు ఈ చిన్న వాల్వ్‌ను మార్చి, బూస్టర్ గొట్టం దగ్గర గేజ్ పెట్టి కొలవండి. సాధారణ బూస్టర్లు పాదరస మానంలో 18 అంగుళాల శూన్యం దగ్గర బాగా పనిచేస్తాయి. ఇంజిన్ వాల్వ్‌లను ఎక్కువసేపు తెరిచి ఉంచే పెద్ద కామ్‌షాఫ్ట్ వల్ల ఐడిల్‌లో అది 15కన్నా తగ్గితే వేరే ఏర్పాటు అవసరమవుతుంది.

ఆ ఏర్పాటు మూడు నాలుగు రకాలుగా ఉండవచ్చు. విద్యుత్ వాక్యూమ్ పంపు, దానికి తోడు ఒక నిల్వ ట్యాంకు అన్నిటికన్నా సులువు. పవర్ స్టీరింగ్ పంపు పీడనంతో నడిచే హైడ్రోబూస్ట్ బలమైనదే గానీ, ఇరుకైన ఇంజిన్ గదిలో టర్బో పైపుల మధ్య దాన్ని అమర్చడం కష్టం. బాష్ కంపెనీ ఐబూస్టర్ వంటి విద్యుత్ బూస్టర్‌కు శూన్యంతో పనే లేదు, కానీ దాని విద్యుత్ సరఫరా ఎప్పుడూ తెగకుండా వైరింగ్ చేయగలవారే దాని జోలికి వెళ్లాలి. బూస్టర్ తీసేసి, పాదం బలంతోనే బ్రేకు ద్రవాన్ని నెట్టే మాన్యువల్ మాస్టర్ సిలిండర్ పెట్టుకోవడం నాలుగో దారి. అలా చేస్తే పెడల్ నిష్పత్తిని (పాదం బలాన్ని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే అంకెను) 4 దగ్గర నుంచి 6 దగ్గరికి మార్చాలి, సిలిండర్ వ్యాసాన్ని కూడా లెక్కించాలి. 50 కిలోల బలంతో తొక్కినప్పుడు నిష్పత్తి 6, వ్యాసం 1 అంగుళం అయితే చదరపు సెంటీమీటరుకు సుమారు 59 కిలోల పీడనం వస్తుంది. అదే 7/8 అంగుళమైతే 77 వస్తుంది. నాలుగు చక్రాలకూ డిస్కులున్న మాన్యువల్ అమరిక 70 నుంచి 80 వరకు చేరగలగాలి. కానీ 1 అంగుళం బదులు 7/8 అంగుళం వాడితే పెడల్ దాదాపు 30 శాతం ఎక్కువ దూరం దిగుతుంది, కాబట్టి పెద్ద పిస్టన్ల కాలిపర్లు వేసినవారు చిన్న సిలిండర్‌తో పెడల్ నేలకు తగలకుండా చూసుకోవాలి.

ప్యాడ్ల విషయంలో ఒకే సూత్రం పాటించాలి: చల్లగా ఉన్నప్పుడే పట్టు చూపే ప్యాడ్ కావాలి. ఎన్నో ల్యాప్‌ల పాటు నడిచే రేసుల కోసం చేసిన ప్యాడ్లు కొన్ని వందల డిగ్రీలు వేడెక్కేదాకా సరిగా పట్టవు. డ్రాగ్ పరుగు చివర వాటిని వేడి చేసే అవకాశం ఉండదు, ఉదయాన్నే ఇంటి నుంచి బయలుదేరి మొదటి కూడలికి చేరేటప్పుడు కూడా ఉండదు. చాలా ప్యాడ్ల అంచున రెండు అక్షరాల గుర్తు ముద్రించి ఉంటుంది. మొదటి అక్షరం మామూలు ఉష్ణోగ్రతలో, రెండోది వేడిలో ఘర్షణ గుణకాన్ని చెబుతాయి. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 వరకు, జి అంటే 0.45 నుంచి 0.55 వరకు అని అర్థం. ఎఫ్‌ఎఫ్ గానీ జిజి గానీ ఈ కారుకు సరిపోతుంది. రెండో అక్షరం మొదటిదాని కన్నా తక్కువ శ్రేణిది అయితే ఆ ప్యాడ్‌ను వదిలేయండి.

కారును చివరికి ఆపేది టైరే. ముందు సన్నని టైర్లు, వెనుక వెడల్పైన మెత్తని డ్రాగ్ టైర్లు వేసినప్పుడు, కంపెనీ ఇచ్చిన ముందు వెనుకల బ్రేకు పంపకం తప్పిపోతుంది. ముందు చక్రాలు తొందరగా బిగుసుకుపోయి స్టీరింగ్ మాట వినదు. అలాగని వెనుక బ్రేకును పెంచుకుంటూ పోతే, రోడ్డు టైర్లు వేసుకున్న రోజున వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు గిర్రున తిరుగుతుంది. వెనుక లైనులో, వెనుక బ్రేకుకు వెళ్లే పీడనాన్ని తగ్గించే, సర్దుబాటు చేసుకోగల ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టి, ప్రతి టైర్ల జతకూ విడిగా ఖాళీ స్థలంలో పరీక్షించి, ముందు చక్రాలు వెనుక వాటికన్నా కొద్దిగా ముందు బిగుసుకునే స్థానాన్ని గుర్తు పెట్టుకోవాలి. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో ఈ వాల్వ్ పెట్టకుండా, కాలిపర్ పిస్టన్ల వైశాల్యాన్ని అసలు కారు నిష్పత్తికి దగ్గరగా ఉంచాలి. రోడ్డు మీద నడిచే కారు నుంచి ఏబీఎస్‌ను తీసేయడాన్ని నేను సమర్థించను.

చక్రం లోపల పట్టడం మరో పరిమితి. డ్రాగ్ టైర్లకు ఇష్టపడే 15 అంగుళాల రిమ్ములో పెద్ద డిస్కులు పట్టవు. తయారీదారు ఇచ్చే కొలతల నమూనాను అట్టముక్క మీద కత్తిరించి, రిమ్ములో పెట్టి చూసిన తర్వాతే ఆర్డరు ఇవ్వండి. వెనుక సెట్టులో హ్యాండ్‌బ్రేకు ఉందా లేదా అన్నదీ అప్పుడే అడగాలి, ఎందుకంటే డ్రాగ్ సెట్లు చాలావాటిలో అది ఉండదు. వెనుక టైర్లను తిప్పి వేడి చేసుకునేటప్పుడు ముందు చక్రాల బ్రేకులను పట్టి ఉంచే లైన్ లాక్ ఎన్నడూ హ్యాండ్‌బ్రేకుకు ప్రత్యామ్నాయం కాదు.

గంటకు 240 కిలోమీటర్లు, అంటే 150 మైళ్లు చేరే కారు అయితే బ్రేకుల బడ్జెట్‌లోనే పారాచూట్‌ను కూడా లెక్కించాలి. అమెరికాలో డ్రాగ్ రేసులను నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థ నిబంధనలు ఆ వేగం నుంచి దాన్ని తప్పనిసరి చేశాయి.

బ్రేకు ద్రవం విషయంలో డాట్ 4 రకం గానీ డాట్ 5.1 రకం గానీ వాడాలి. కొత్తగా ఉన్నప్పుడు వాటి కనీస మరుగు స్థానాలు 230, 260 డిగ్రీలు. తేమ పీల్చుకున్నాక 155, 180కి పడిపోతాయి గనుక ఏటా మార్చాలి. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను వీటితో కలపకూడదు.

అన్నీ బిగించాక బ్రేకు లైన్లలోని గాలి పూర్తిగా తీసి, ఖాళీ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల నుంచి 20 దాకా ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, వేగం తగ్గించి ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయండి. తర్వాత బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా నడుపుతూ చల్లారనివ్వండి. స్ట్రిప్‌లో మొదటి పరుగును సగం దూరంలోనే వదిలేసి, ఆపాక డిస్కుల రంగు, ప్యాడ్ల అంచులు, పెడల్ ఎత్తు చూడండి. పెడల్ మెత్తబడినా, డిస్కు మీద నీలిరంగు మచ్చలు కనిపించినా, కారణం తెలిసేదాకా రెండో పరుగుకు వెళ్లకండి.