స్పోర్ట్స్ కారును కాపాడుకుంటూ రోజూ చవగ్గా ఆఫీసుకు వెళ్లడం ఎలా

పెర్ఫార్మెన్స్ కారును అన్నిటికన్నా ఎక్కువ అరగదీసేది రోజువారీ ఆఫీసు ప్రయాణమే. పొద్దున్నే చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ ఎనిమిది పది కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తాం. సాయంత్రం మళ్లీ అదే. కూలెంట్ ముల్లు కొద్ది నిమిషాల్లోనే మధ్యకు వచ్చేస్తుంది కాబట్టి ఇంజన్ వేడెక్కిందని అనుకుంటాం. ఆయిల్ వేడెక్కడానికి దాదాపు రెండింతల సమయం పడుతుంది. ఆయిల్ 80 డిగ్రీలు దాటి, ఆ వేడిలో కాసేపు నడిస్తేనే అందులో చేరిన నీటి తేమ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరై పోతాయి. అవి పోకపోతే ఆయిల్ పల్చబడి, బేరింగుల మధ్య నిలవాల్సిన పొర బలహీనపడుతుంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే (డైరెక్ట్ ఇంజెక్షన్), గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఉన్న ఇంజన్లలో ఈ బాధ మరీ ఎక్కువ.

దీన్ని ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్, పట్టిస్తుంది. కారు సమతలంగా ఉన్న చోట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తీసి చూడండి. కొత్తగా ఆయిల్ పోయకపోయినా మట్టం పోయిన నెలకన్నా పైకి వచ్చి, వాసన చూస్తే పెట్రోలు కొడుతుంటే ఆ ప్రయాణం ఆ ఇంజన్‌కి సరిపడటం లేదు. సర్వీసు ఇంకా దూరంలో ఉన్నా ఆయిల్ మార్చేయండి.

మిగతా భాగాలదీ అదే కథ. ట్రాక్ రకం బ్రేక్ ప్యాడ్‌లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. ఆఫీసు ట్రాఫిక్‌లో అవి చల్లగానే ఉండి కీచుమంటాయి, డిస్కుల్ని కోస్తాయి. మెత్తటి రబ్బరు టైర్లు 20 వేల కిలోమీటర్లకే అరిగిపోవచ్చు. క్లచ్ అరిగేది హైవే మీద కాదు, పాకుతూ పోయే ట్రాఫిక్‌లో. కాబట్టి వీలుంటే రోజువారీ తిరుగుడు వేరే బండికి అప్పగించడమే సరైన పని. వీలుందో లేదో తేల్చేది లెక్క.

లెక్క లీటర్లలో వేయండి

రాకపోకలు కలిపి రోజుకి 50 కిలోమీటర్లు, నెలకి 24 రోజులు అనుకుందాం. నెలకి 1200 కి.మీ. ట్రాఫిక్‌లో లీటరుకి 8 కి.మీ. ఇచ్చే కారుకి 150 లీటర్లు కావాలి. 16 ఇచ్చే చిన్న కారుకి 75, 20 ఇచ్చేదానికి 60, 25 ఇచ్చేదానికి 48.

ఈ అంకెల్ని కాస్త నిలబడి చూడండి. 8 నుంచి 16కి వెళ్తే నెలకి 75 లీటర్లు మిగిలాయి. 16 నుంచి 25కి వెళ్తే మిగిలింది 27 మాత్రమే. అంటే అత్యధిక మైలేజీ ఇచ్చే మోడల్ కోసం రెండింతల డబ్బు పెట్టనక్కర్లేదు. మామూలు మైలేజీ ఇచ్చే, మంచి కండిషన్‌లో ఉన్న పాత కారే అసలైన ఆదా తెచ్చిపెడుతుంది. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: ఆదా కోసమని కొత్త కారు కొని, ఆదా అయ్యే పెట్రోలు కన్నా ఎక్కువ ఆ కారు విలువ పడిపోవడంలో పోగొట్టుకుంటారు.

ఇప్పుడు రెండో బండికి ఏడాదికి అయ్యే ఖర్చంతా కూడండి: ఇన్సూరెన్స్, పన్ను, పార్కింగ్, సర్వీసింగ్, ఏడాదిలో దాని రీసేల్ విలువలో తగ్గే మొత్తం. వచ్చిన మొత్తాన్ని లీటరు పెట్రోలు ధరతో భాగించండి. ఇది లీటర్లలో మీ ఖర్చు. పై ఉదాహరణలో 20 ఇచ్చే కారుతో నెలకి 90, ఏడాదికి 1080 లీటర్లు మిగులుతాయి. ఖర్చు దానికన్నా తక్కువ వస్తే రెండో కారు తన ఖర్చు తాను భరిస్తున్నట్టే. స్పోర్ట్స్ కారుకి ఎక్కువ ఆక్టేన్ (ఇంజన్‌లో ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఉన్న పెట్రోలే పోయాల్సి ఉంటే ఆ ధర తేడానీ, టైర్లనీ ఆదా పక్కన కలపండి. ఏడాదికి 14,400 కి.మీ. అంటే 20 వేలు నడిచే టైర్ల సెట్టులో దాదాపు ముప్పాతిక వంతు. 50 వేలు నడిచే మామూలు టైర్లలో మూడో వంతు కన్నా తక్కువే, పైగా ఆ సెట్టు ధరే తక్కువ.

రోజుకి రాకపోకలు 10 కిలోమీటర్లే అయితే లెక్క తిరగబడుతుంది. అదే మైలేజీలతో నెలకి మిగిలేది 18 లీటర్లు. దానికోసం రెండో కారు కొనడం దండగ. అలాగని స్పోర్ట్స్ కారునే తిప్పవద్దు, ఎందుకంటే ఇంజన్‌కి అన్నిటికన్నా చెడ్డది ఈ పొట్టి ప్రయాణమే. ఇక్కడ స్కూటరో, సైకిలో, బస్సో సరైన జవాబు.

రెండో బండి ఎలా ఎంచుకోవాలి

టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజన్, పోర్ట్ ఇంజెక్షన్, మాన్యువల్ గేర్‌బాక్స్ లేదా మన్నికకి పేరున్న ఆటోమేటిక్, 14 లేదా 15 అంగుళాల చక్రాలు, ప్రతి షాపులో దొరికే స్పేర్ పార్టులు. పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ వాల్వుల మీదుగా వెళ్తూ వాటిని కడుగుతుంది, అందుకే మసి గట్టిగా పేరుకోదు. పొట్టి ప్రయాణాలకి డీజిల్ వద్దు. పొగ గొట్టంలోని పార్టిక్యులేట్ ఫిల్టర్ తనలో చేరిన మసిని కాల్చుకోవాలంటే కాసేపు ఆగకుండా, మంచి వేగంతో నడవాలి. ఆ అవకాశం దొరక్కపోతే అది మూసుకుపోతుంది, మార్చడం ఖరీదు.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లేముందు ఇంజన్ స్టార్ట్ చేయవద్దని అమ్మేవాళ్లకి చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజన్ చేసే శబ్దాలు మీకు వినపడకుండా పోయినట్టే, ఇంకోరోజు రండి. ఆయిల్ మూత తీసి లోపల చూడండి. తెల్లటి మీగడలాంటి పదార్థం ఉంటే అది పొట్టి ప్రయాణాల తేమైనా కావచ్చు, ఇంజన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయైనా ఉండవచ్చు. తేడా తెలియాలంటే చల్లగా ఉన్న కూలెంట్ ట్యాంకు మూత తీసి పైన నూనె తెట్టు ఉందేమో చూడండి. ఉంటే ఆ కారు వదిలేయండి. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో నీలం పొగ గుప్పుమంటే వాల్వ్ సీళ్లు అరిగాయని.

నడుపుతున్నప్పుడు నాలుగో గేరులో 40 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం లేచిపోయి వేగం మాత్రం అలాగే ఉంటే క్లచ్ జారుతోంది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పితే టక్ టక్ మని వినపడుతుందా? చక్రాలకి శక్తి అందించే ఇరుసుల్లోని సీవీ జాయింట్లు అయిపోయాయి. కారు కంప్యూటర్‌లోని తప్పు కోడ్‌లు చదివే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి వెంట తీసుకెళ్లండి. తప్పు కోడ్‌లు ఏవీ లేకపోయినా రెడీనెస్ టెస్టులు (కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని చూపిస్తుంటే ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపేసి ఉంటారు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉంటారు. కారణం అడగండి.

కొన్నాక మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి. వాల్వులనూ పిస్టన్లనూ జతగా నడిపే టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజనై, మార్చినట్టు బిల్లు లేకపోతే దాన్నీ మార్చండి. చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి ఇంజనే పోతుంది. ఈ ఖర్చుని కారు ధరలో భాగంగానే చూసి బేరం ఆడండి. అంతే, ఆ తర్వాత దానిమీద మోజు ఖర్చులు వద్దు. అల్లాయ్‌లు, స్పీకర్లు పెట్టడం మొదలైతే ఆదా లెక్క అక్కడితో చెడిపోతుంది. నెలకోసారి చల్లటి టైర్లలో గాలి చూసుకుంటే చాలు.

ఉన్న ఒక్క కారుతోనే నెట్టుకురావాలంటే

స్థలమో డబ్బో లేక ఒకే కారుతో సాగాల్సి వస్తే రెండో సెట్టు చక్రాలు కొనడం మొదటి పని. ఒక అంగుళం చిన్న రిమ్, మామూలు టూరింగ్ టైరు తీసుకోండి. రిమ్ లోపల, ప్యాడ్‌లను పట్టి ఉంచే బ్రేక్ కాలిపర్‌కి తగలకూడదు. టైరు మొత్తం వ్యాసం అసలుదానికి 3 శాతం లోపే తేడా ఉండాలి, లేకపోతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే అంకె) కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. సెంటర్ బోర్ (రిమ్ మధ్యలోని రంధ్రం) కారు హబ్‌కి సరిపోకపోతే ఆ ఖాళీ పూడ్చే హబ్ రింగులు వేయించండి, లేదంటే స్టీరింగ్ వణుకుతుంది. రోజువారీకి కంపెనీ రకం బ్రేక్ ప్యాడ్‌లే ఉంచండి.

పెట్రోలు విషయంలో కక్కుర్తి పడవద్దు. మాన్యువల్‌లో ఎక్కువ ఆక్టేన్ తప్పనిసరి అని ఉంటే అదే పోయండి. తక్కువది పోస్తే పెట్రోలు ముందే అంటుకోవడాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ ఇగ్నిషన్ టైమింగ్‌ని (స్పార్క్ పడే క్షణాన్ని) వెనక్కి లాగుతుంది, బలమూ మైలేజీ రెండూ తగ్గుతాయి, మీరు మిగిల్చాననుకున్నది అలా పోతుంది. సిఫార్సు అని మాత్రమే ఉంటే నెమ్మదిగా సాగే ఆఫీసు ప్రయాణానికి మాన్యువల్ అనుమతించిన తక్కువ ఆక్టేన్ వాడుకోవచ్చు.

ట్రాఫిక్‌లో ముందు బండి కొంత దూరం జరిగేదాకా ఆగి, ఫస్ట్ గేరులో ఒకేసారి కదిలి క్లచ్ పూర్తిగా వదిలేయండి. అరక్లచ్ మీద అంగుళం అంగుళం పాకించవద్దు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయండి, క్లచ్‌లోని రిలీజ్ బేరింగ్ ఎక్కువకాలం మన్నుతుంది. రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునే డ్యూయల్ క్లచ్ కారులోనూ బ్రేకు కొంచెం కొంచెం వదులుతూ పాకించడం మంచిది కాదు. అరగంట ముందు బయల్దేరి రద్దీ తప్పించుకోగలిగితే ఏ పార్టు మార్చినా రానంత మైలేజీ వస్తుంది.

పక్కన పెట్టిన కారు పాడవకుండా

ఆఫీసుకి వేరే బండి దొరికాక ఎదురయ్యే ప్రమాదం ఇంకోటి: అసలు కారు కదలకుండా పడి ఉండటం. కదలని కారులో బ్యాటరీ డీలా పడుతుంది, సీళ్లు ఎండుతాయి, డిస్కులు తుప్పు పడతాయి, ఎలుకలు కాపురం పెడతాయి.

కనీసం రెండు వారాలకోసారి 40 నిమిషాలు నడపండి. మొదటి పావుగంట 3000 ఆర్‌పీఎం దాటనివ్వకండి. ఆయిల్ ఉష్ణోగ్రత మీటరు లేకపోతే కూలెంట్ ముల్లు నిలకడ పట్టాక ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టండి. ఆ తర్వాత ఆ కారు ఎందుకు కొన్నారో అందుకే నడపండి, ఇంజన్‌కీ అది మంచిదే. ఏసీ పది నిమిషాలు వేయండి, కంప్రెసర్ సీళ్లకి నూనె అందుతుంది. వెనక బండ్లు లేనప్పుడు 80 నుంచి 40కి నాలుగైదుసార్లు కాస్త గట్టిగా బ్రేకు వేస్తే డిస్కుల మీది తుప్పు పోతుంది. చివరి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా వస్తే టర్బో చల్లబడుతుంది. ఉన్నచోటే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. స్టార్టర్ లాగినంత ఛార్జ్ కూడా బ్యాటరీకి తిరిగి రాకపోవచ్చు, తేమ మాత్రం ఇంజన్‌లోనే ఉండిపోతుంది.

కారు ఆఫ్‌లో ఉన్నా అలారం, గడియారం, కంప్యూటర్లు కొంత కరెంటు లాగుతూనే ఉంటాయి. 40 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకి దాదాపు 1 ఆంపియర్-అవర్. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ నెలలో సగానికి వస్తుంది. కొన్ని గంటలు ఆగిన కారులో మల్టీమీటర్‌తో కొలిస్తే 12.6 వోల్టులు నిండు, 12.4 ముప్పాతిక, 12.2 సగం. 12.4 కిందికి దిగి రోజులు గడిస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఆటోమేటిక్ మెయింటైనర్ ఛార్జర్ ఒకటి తగిలించి ఉంచితే ఈ సమస్యే ఉండదు. నెల తిరక్కుండానే బ్యాటరీ చచ్చిపోతుంటే నెగెటివ్ తీగ విప్పి మధ్యలో ఆంపియర్ మీటరు కలపండి. కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట నుంచి గంట ఆగండి, అప్పటిదాకా తలుపు తీయవద్దు. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ సర్క్యూట్‌లోనే ఉంది. తర్వాత వేయించిన స్టీరియోనో, డ్యాష్ కెమెరానో తరచూ దొరుకుతుంది.

కిలోమీటర్లు తిరగలేదని సర్వీసు వాయిదా వేయకండి. ఆయిల్ ఏడాదికోసారి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి, ఎందుకంటే అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్‌కి కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలైతే, తేమ చేరాక 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ పెడల్ మెత్తబడేది అందుకే. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ చూడండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే గాడి లోతు ఎంత ఉన్నా ఏటా చూపించుకోవాలి.

ఇన్సూరెన్స్‌లో ఏడాదికి నడిపే కిలోమీటర్లు తక్కువని చూపించి ప్రీమియం తగ్గించుకునే పాలసీలు ఉన్నాయేమో అడగండి. చేసిన మార్పులన్నీ రాసివ్వండి. దాచితే క్లెయిము రోజున అదే అడ్డం తిరుగుతుంది.

నెలలకొద్దీ ఆపాల్సి వస్తే కొత్త ఆయిల్ వేసి ఆపండి. ట్యాంకు నింపండి, ఎథనాల్ కలిసిన పెట్రోలు తేమను లాగుతుంది, ఖాళీ తక్కువుంటే తేమా తక్కువే. ఫ్యూయల్ స్టెబిలైజర్ కలిపితే దాన్ని ఇంజన్‌లోకి వెళ్లేలా పది నిమిషాలు నడిపి ఆపండి. టైర్లలో 5 పీఎస్ఐ అదనంగా కొట్టించండి, పక్కన రాసిన గరిష్ఠ పరిమితి దాటకూడదు. కడిగితే బ్రేకులు ఆరేలా నడిపాకే లోపల పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టండి, లేదంటే ప్యాడ్‌లు డిస్కుకి అంటుకుపోతాయి. ప్లాస్టిక్ పట్టా కప్పవద్దు, గాలి ఆడే గుడ్డ కవరే మేలు. సైలెన్సర్ మూతికి, గాలి పీల్చే గొట్టానికి స్టీలు జాలీ కట్టి, కట్టిన సంగతి ఒక చీటీ మీద రాసి స్టీరింగ్‌కి తగిలించండి.

మళ్లీ తీసే రోజున ముందు జాలీలు విప్పి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి గూళ్లేమీ లేవని చూసుకోండి. కారు కింద మరకలు, టైర్లలో గాలి, బ్రేక్ పెడల్ గట్టిదనం చూడండి. స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు ఆరేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, అరనిమిషం ఆగి మెల్లగా కదలండి.