ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు రేడియో ప్రకటన: వరంగల్ వాలంటీర్లు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని, కోడ్ చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ గురించి రేడియోలో ప్రకటన ఇద్దాం అనుకోగానే చాలామంది స్క్రిప్టు రాయడానికి కూర్చుంటారు. అది తర్వాత చేసే పని. విన్న మనిషి ఎక్కడికి రావాలి, ఎవరిని అడగాలి అన్నది ముందు తేల్చుకోవాలి. రేడియో వినేవాళ్లు ఆటో నడుపుతూనో, మిషన్ కుడుతూనో, హోటల్లో టీ పోస్తూనో వింటారు. వాళ్లకు వెబ్‌సైటు పేరు చెబితే రాసుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అందుకే సాఫ్ట్‌వేర్ పేరు కంటే దాన్ని ఎక్కించి ఇచ్చే చోటు, రోజు, టైమ్ గట్టిగా వినబడాలి. మిగతా ప్లానంతా దీని చుట్టూ వేసుకోవాలి.

1. ఒక్కటే సాఫ్ట్‌వేర్

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో, దాని లైసెన్సులేమిటో 30 సెకన్లలో చెప్పలేం. లినక్స్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, జింప్ అని వరసగా చదివితే ఒక్కటీ గుర్తుండదు. మొదటి ప్రకటనకు లెటర్లు, లెక్కల పట్టికలు చేసుకునే లిబర్ ఆఫీస్ మేలని నా లెక్క. ఉన్న విండోస్ మీదే ఎక్కుతుంది, వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది, మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. నచ్చకపోతే తీసేయొచ్చు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపోని పాత కంప్యూటర్లు మన దగ్గర ఇళ్లలో, స్కూళ్లలో బోలెడు. వాటికి విండోస్ బదులు ఎక్కించుకునే లినక్స్ మంచి దారే. కానీ లినక్స్ ఎక్కించాలంటే ముందు ఫైళ్లన్నీ వేరేచోట దాచుకోవాలి, ప్రింటర్ పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. ఇంత సంగతి చిన్న ప్రకటనలో పట్టదు. దాన్ని అరగంట ఇంటర్వ్యూకు ఉంచండి.

ఎవరికోసం అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ షాపుల జోలికి మొదటే పోవద్దు. వాళ్ల పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే పాత తరహా తెలుగు ఫాంట్ల మీద నడుస్తుంది. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో చదవగలిగే యూనికోడ్‌లోకి వాటంతటవే మారవు. అన్నీ కుదురుతాయని మాటిచ్చి పిలిస్తే మొదటి రోజే మొహం చెల్లదు. జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్లు, డిగ్రీ పిల్లలు, రిటైరైన టీచర్లు అయితే అప్లికేషన్లు, లెటర్లు, మార్కుల లెక్కలు చేసుకుంటారు. వాళ్లకు ఇది అచ్చంగా సరిపోతుంది.

2. చోటు, ఫోన్

బస్సు దిగి నడిచిపోయేంత దగ్గరలో ఉండాలి. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల లైబ్రరీనో, కాలేజీ ల్యాబో, ట్యూషన్ సెంటరో ఒక ఆదివారానికి అడగండి. అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట అనుమతితో ప్రకటన నడిపించి, తీరా ఆ రోజు గేటుకు తాళం ఉంటే అందరి తిట్లూ మీకే.

ఫోన్‌కు కొత్త సిమ్ తీసుకోండి. ఎవరి సొంత నంబరూ రేడియోలో చెప్పొద్దు. ఆ ఫోన్ ఎత్తడానికి ఇద్దరు వంతులు వేసుకోవాలి. మనవాళ్లు నంబర్ చెప్పేది ఇంగ్లిష్ అంకెల్లోనే కాబట్టి ప్రకటనలోనూ అలాగే చదవండి, ఐదంకెల దగ్గర ఆగి మిగతా ఐదు.

3. ఏ స్టేషన్?

ఆకాశవాణి వరంగల్ ఎఫ్ఎం 103.5 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. అక్కడ ప్రకటనకు డబ్బు కట్టాలి. కాకపోతే చదువు, యువత, టెక్నాలజీ విషయాల మీద మాట్లాడే మనిషి దొరికితే ఆకాశవాణికి అదొక కార్యక్రమం అవుతుంది. ప్రకటన అడగడానికి ముందు కార్యక్రమాల విభాగానికి తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాయండి: ఏం చెబుతారు, ఎవరు మాట్లాడతారు, వినేవాళ్లకు ఏం లాభం. కార్యక్రమాలను వాళ్లు చాలా ముందుగా ఖరారు చేసుకుంటారు కాబట్టి వచ్చే వారానికి కావాలంటే కుదరదు, నెలల ముందే అడగాలి.

ప్రైవేటు ఎఫ్ఎంలలో టైమ్‌ను 10 సెకన్ల లెక్కన అమ్ముతారు. పొద్దున, సాయంత్రం రేటు ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. రికార్డు చేసిన ప్రకటనతో పాటు ఆర్జే మెన్షన్ ఒకటి ఇవ్వమని అడగడం మరిచిపోవద్దు. రోజూ వినే ఆర్జే తన మాటల్లో చెబితే జనం తొందరగా నమ్ముతారు.

మూడోది కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికుల కోసం నడిచే చిన్న స్టేషన్. 100 వాట్ల శక్తితో పది, పదిహేను కిలోమీటర్ల వరకు వినబడుతుంది. జహీరాబాద్ వైపు పల్లె మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంగం రేడియో ఈ తరహాకు పేరున్న ఉదాహరణ, కాని దాని సిగ్నల్ మన వైపు రాదు. మీ దగ్గరలో అలాంటిది ఉంటే మొదట అక్కడికే పొండి. 2024 ఫిబ్రవరిలో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఈ రేడియోలు గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. ప్రభుత్వ ప్రకటనలకు అప్పుడు పెట్టిన రేటు 10 సెకన్లకు 74 రూపాయలు. ఆ లెక్కన 30 సెకన్ల ప్రకటన ఒకసారికి 222. రోజుకు ఆరుసార్లు, ఏడు రోజులంటే 9,324. మీకు ఇంతే పడుతుందని కాదు, చందాలు అడిగేటప్పుడు చేతిలో ఒక అంకె ఉంటుంది. వసూలైన ప్రతి రూపాయి లెక్క వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

4. ఏ వారం?

ఉన్న డబ్బును నెలంతా పలచగా చల్లొద్దు. ఆదివారం ముందున్న ఒక్క వారంలోనే గుప్పించాలి. శుక్ర, శనివారాల్లో ఇంకా ఎక్కువ వేయించండి.

బతుకమ్మ, దసరా రోజులు వద్దు. రేడియోలో బట్టల షాపుల ప్రకటనల మధ్య మీ మాట వినబడదు. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చే మాఘమాసంలో సగం ఊరు ములుగు రోడ్డు మీదే ఉంటుంది, అప్పుడూ వద్దు. డిగ్రీ అడ్మిషన్ల కోసం దోస్త్ అప్లికేషన్లు నడిచే రోజులు మంచివి. జిరాక్స్ సెంటర్ల ముందు పిల్లలు లైన్ కట్టి ఉంటారు, కంప్యూటర్ అన్న మాట అందరి చెవినా పడుతుంది.

5. స్క్రిప్టు

30 సెకన్లకు యాభై, అరవై మాటలు దాటొద్దు. భాష మన వరంగల్‌లో మాట్లాడేదే ఉండనివ్వండి. జిరాక్స్ షాపులో ఇద్దరి మధ్య మాటలు ఇట్లా రాసుకోవచ్చు:

(కీబోర్డు చప్పుడు)
చెల్లె: అన్నా, నా రెజ్యూమె అయ్యిందా?
అన్న: ఏడైతది చెల్లె, లైసెన్స్ అయిపోయిందని చూపెడ్తాంది.
చెల్లె: లిబర్ ఆఫీస్ ఏస్కోరాదే! పైసలు కట్టుడు లేదు, తెలుగు గూడ మంచిగొస్తది.
అన్న: గది ఎవలేస్తరు మరి?
చెల్లె: ఆదివారం లైబ్రరీ కాడికి పట్కరా.
వ్యాఖ్యాత: ఈ ఆదివారం పొద్దున పది నుంచి, హన్మకొండ లైబ్రరీలో, లిబర్ ఆఫీస్ మీ కంప్యూటర్‌లో పెట్టిస్తాం. రూపాయి తీసుకోం. ఓటీపీ, ఆధార్ అడగం. ఇట్లు, మీ ఊరి వాలంటీర్లు. ఫోన్...

ఓటీపీ అడగం అన్న మాటను మాత్రం ఎంత టైమ్ తక్కువున్నా కొట్టేయొద్దు. ఫ్రీగా ఇస్తామని ఫోన్ చేసి ఖాతా ఖాళీ చేసేవాళ్ల గురించి పేపర్లో రోజూ చదివే జనం ఇది. లిబర్ ఆఫీస్‌ను ప్రపంచమంతటా వాలంటీర్లు, కొన్ని కంపెనీలు కలిసి రాస్తారని, డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటుందని ఫోన్ చేసినవాళ్లకు చెప్పండి. మీరు ఆ సంస్థ ఉద్యోగులన్నట్టు మాత్రం మాట్లాడొద్దు.

పోటీ కంపెనీ పేరు ఎత్తొద్దు, స్టేషన్ వాళ్లు ఒప్పుకోరు. దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే పోలీసులొస్తారని బెదిరించడం అంతకంటే తప్పు. మీరు పిలిచేదే అలాంటిది వాడుతున్న షాపాయనను.

6. రికార్డింగ్

గొంతు రికార్డు చేసి సరిదిద్దే అడాసిటీ సాఫ్ట్‌వేర్ చాలు. అదీ ఓపెన్ సోర్సే. రాత్రి పూట, ఫ్యాన్ ఆపేసి, పరుపులూ బట్టలూ ఉన్న చిన్న గదిలో చేయండి, గొంతు గుయ్యిమనదు. మాట్లాడే ముందు కొన్ని సెకన్లు ఊరికే రికార్డు కానివ్వాలి. ఆ ముక్కను సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌లో ప్రొఫైల్ తీసుకుని, తర్వాత మొత్తానికి వర్తింపజేస్తే సన్నటి హోరు పోతుంది. ఎక్కువ వాడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఫైలు ఏ ఫార్మాట్‌లో కావాలో స్టేషన్‌నే అడగండి, మీ దగ్గర మాత్రం వేవ్ ఫైలు దాచుకోండి.

సినిమా పాట బిట్టు వేయాలని ఎవరో ఒకరు అంటారు. హక్కుదారుల అనుమతి లేకుండా కుదరదు. డప్పు దరువు పది సెకన్లు మీరే రికార్డు చేసుకోండి. కళాకారుడి దగ్గర అంగీకార పత్రం రాయించుకుని, డబ్బు ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ ఉచితమని ఆయన చేత కూడా ఉచితంగా వాయించుకోవడం బాగోదు.

పూర్తయ్యాక హెడ్‌ఫోన్‌లో విని మురిసిపోవద్దు. కాజీపేట వైపు పోయే ఆటోలో పెన్‌డ్రైవ్ పెట్టించి, ఇంజన్ చప్పుడులో వినండి. రోజు, చోటు, ఫోన్ నంబర్ అర్థం కాకపోతే మళ్లీ చదవాల్సిందే.

7. ఆదివారం

సాఫ్ట్‌వేర్‌ను అసలు వెబ్‌సైటు నుంచే ముందు రోజు దించి పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకోండి. అక్కడ నెట్ ఉంటుందనుకోవద్దు, ఫైలు 300 ఎంబీ దాటుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులు, మంచినీళ్లు, తెలుగు కీబోర్డు పెట్టివ్వగలిగిన ఒక మనిషి ఉండాలి.

ఒక నోట్‌బుక్ పెట్టి ఫోన్ చేసినవాళ్లవీ, వచ్చినవాళ్లవీ మూడే విషయాలు రాయండి: ఏ మండలం, ఏ రేడియోలో విన్నారు, ఏ టైమ్‌కు. ఎక్కువమంది సాయంత్రం విన్నామంటే వచ్చేసారి పొద్దుటి డబ్బు కూడా సాయంత్రానికే పెట్టండి. నర్సంపేట, పరకాల నుంచి ఫోన్లు వచ్చి మనుషులు రాలేదంటే దూరమే అడ్డం. రెండో ఆదివారం అక్కడే పెట్టి, ప్రకటనలో చోటు పేరున్న ఒక్క వాక్యం మార్చి రికార్డు చేయండి. ఫోన్ నంబర్ మాత్రం అదే ఉంచండి, ఆ సిమ్‌కు రీఛార్జ్ అయిపోకుండా చూసుకోండి.