విమాన దూరం, ప్రయాణ సమయం – 3వ పాఠం: పడమర రేఖాంశంతో జాగ్రత్త

పోయిన పాఠంలో ఇచ్చిన హైదరాబాద్–లండన్ దూరం లెక్కకి ఎక్కువమందికి 9,545 కిలోమీటర్లు వచ్చింది. నిజానికి అంత దూరం లేదు. ఎక్కడ జారారో ఆ అంకే చెబుతోంది: అక్షాంశాల తేడానీ, రేఖాంశాల తేడానీ కూడా 111తో గుణించి పైథాగరస్‌కి అప్పగించారు. అక్షాంశానికి డిగ్రీకి 111 కిలోమీటర్లు సరే. రేఖాంశాలు మాత్రం ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఒక డిగ్రీ శంషాబాద్ దగ్గర 106 కిలోమీటర్లు, లండన్ దగ్గర 69. సగటు అక్షాంశపు కాస్‌తో తగ్గించినవాళ్లకి 8,166 వచ్చింది. నయమే, కానీ ఇంకా నాలుగొందలు ఎక్కువ. బల్లపరుపు లెక్క విజయవాడ–విశాఖకి చాలు, ఖండం దాటితే చాలదు.

శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. లండన్ హీత్రో విమానాశ్రయం 51.47 ఉత్తరం, 0.45 పడమర. రేఖాంశాల తేడా 78.88. గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య కోణం కట్టే సూత్రంలో ఇవి పెడితే:

సైన్ 17.24 × సైన్ 51.47 + కాస్ 17.24 × కాస్ 51.47 × కాస్ 78.88 = 0.3466

దీనికి కాస్ ఇన్వర్స్ 69.72 డిగ్రీలు. డిగ్రీకి 111.19 కిలోమీటర్ల (ఇందాకటి 111కే కాస్త కచ్చితమైన విలువ) చొప్పున గుణిస్తే 7,752 కిలోమీటర్లు. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

చెప్పాల్సింది పడమర సంగతి. ఒకటి తూర్పు, ఒకటి పడమర అయితే రేఖాంశాలు కూడాలి, తీసేయకూడదు. లండన్ విషయంలో ఈ తప్పు బయటపడదు: 0.45 తీసేసినా 7,690 వస్తుంది, దగ్గరగానే ఉంది కదా అని సంబరపడతాం. అదే తప్పు చికాగోకి (41.98 ఉత్తరం, 87.90 పడమర) చేసి చూడండి. కూడితే తేడా 166.33, దూరం 13,280. తీసేస్తే తేడా 9.47, దూరం 2,900! చికాగో వచ్చి దుబాయ్ పక్కన కూర్చుంటుంది. అందుకే పడమరకి ముందే మైనస్ గుర్తు పెట్టేసి, ఆ తర్వాత తీసివేత చేయండి. మైనస్‌లోంచి మైనస్ దానంతటదే కూడిక అవుతుంది.

సమయానికి నా పద్ధతి మోటు: గంటకి 900 కిలోమీటర్లు, పైకెక్కి దిగడానికి అరగంట. లండన్‌కి 9 గంటల 7 నిమిషాలు. పడమటి గాలి ఎదురొస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు ముప్పావుగంట కలుపుతాను, వచ్చేటప్పుడు అరగంట తీసేస్తాను. చుట్టుదారి ఏ సూత్రంలోనూ రాదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి పడమటికెళ్లే మన విమానాలకి అదే జరిగింది.

టికెట్‌లోని రెండు టైములూ ఆయా ఊళ్లవే. ఉదయం 7:30కి ఎక్కి లండన్‌లో మధ్యాహ్నం 1కి దిగితే, వేసవిలో (మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా) మన టైముకీ లండన్ టైముకీ తేడా 4:30 కాబట్టి ప్రయాణం 10 గంటలు. చలికాలంలో తేడా 5:30, కాబట్టి అవే అంకెలకి 11.

అభ్యాసం ఒక్కటే. డాలస్ 32.90 ఉత్తరం, 97.04 పడమర. 14,400 దరిదాపుల్లో రావాలి. తర్వాత ఉత్తర ధ్రువం మీదుగా వెళ్తే ఎన్ని డిగ్రీలో విడిగా కట్టండి: (90 − 17.24) + (90 − 32.90). రెండూ దాదాపు ఒకటే ఎందుకయ్యాయో, చికాగోకి ఈ రెండు దారుల మధ్య తేడా ఎందుకు పెరిగిందో బొమ్మ గీసి చూపించాలి.